కీళ్లవాతమూ డెల్టా భోజనమూ

కృష్ణా డెల్టాలో ఒక ఇంట్లో ఎవరికైనా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ తన సొంత కీళ్ల మీదే దాడికి దిగే కీళ్లవాతం, ఉందని తేలగానే ఆ ఇంటి వంటలో మొదట కనిపించే మార్పు పథ్యం. వంకాయ వాతమని, గోంగూర నొప్పులు పెంచుతుందని, మినుములు, శనగపిండి, పుల్లపెరుగు, చామదుంప కీళ్లకు పడవని, టమాటా తింటే వాపు వస్తుందని, పప్పు తింటే యూరిక్ ఆమ్లం పెరుగుతుందని బంధువులు, ఇరుగుపొరుగువారు, ఇటీవల ఫోన్లలో తిరిగే వీడియోలు తలా ఒకటి చెబుతూ పోగా, చివరకు ఆ మనిషి కంచంలో తెల్లన్నం, పలుచని చారు, బీరకాయో సొరకాయో మిగులుతాయి. పెట్టేవారి ప్రేమలో లోపం ఏమీ లేదు. ఆ ప్రేమకు దొరికిన సమాచారంలోనే లోపం ఉంది. దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్‌తో బతికే మనిషి విషయంలో ఆహారానికి ఉన్న శక్తి నిజమైనదే గానీ పరిమితమైనది. దాన్ని కొలవవచ్చు, కొన్ని దేశాల్లో కొలిచారు కూడా. ఆ పరిమిత శక్తిని అతిగా నమ్మి కంచాన్ని ఖాళీ చేస్తే జరిగే నష్టం, ఆ తీసేసిన పదార్థాలు చేస్తాయని చెప్పుకునే నష్టం కంటే చాలా పెద్దది.

ఇన్‌ఫ్లమేషన్ అనేది మౌలికంగా రక్షణ చర్య. వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు ఆ చోటి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల సందుల్లోంచి తెల్లకణాలు బయటికి వచ్చి, సూక్ష్మజీవులను మింగి, చిరిగిన కణజాలాన్ని బాగుచేసే పని మొదలుపెడతాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఆ పనికి గుర్తులు, పని ముగియగానే అవన్నీ సర్దుకుంటాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఈ సర్దుకోవడం జరగదు. కీలు లోపల సైనోవియం అనే పలుచని పొర ఉంటుంది; దానిలోకి చేరిన కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్లను ఆపకుండా విడుదల చేస్తూ ఆ పొరను దళసరిగా పెంచి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ క్రమంగా తినివేస్తాయి. ఆ ప్రోటీన్లు కీలులోనే ఉండిపోక రక్తంలో కలిసి కాలేయానికి చేరి, అక్కడ సి-రియాక్టివ్ ప్రోటీన్ తయారీని పెంచుతాయి. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించిన ఈ ప్రోటీన్ పేరే నేటి ల్యాబు రిపోర్టుల్లో సీఆర్‌పీగా కనిపిస్తుంది. దాని పక్కనే ఉండే ఈఎస్ఆర్ అనేది నిలువు గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు ఒక గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చెప్పే కొలత. ప్రపంచంలో పెద్దవారిలో నూటికి ఒకరికి లేదా అంతకంటే కొంచెం తక్కువ మందికి వచ్చే ఈ జబ్బు స్త్రీలలో పురుషుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది కీళ్లకే పరిమితమైన జబ్బు కూడా కాదు: ఏళ్ల తరబడి సాగే ఇన్‌ఫ్లమేషన్ గుండె రక్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి, ఈ రోగి భోజనం గురించి మాట్లాడేటప్పుడు గుండెను మరిచిపోకూడదు.

ఆహారం మీద నింద ఇంత సులువుగా పడడానికి కారణం ఈ జబ్బు నడిచే తీరులోనే ఉంది. మందు వాడినా వాడకపోయినా రుమటాయిడ్ ఆర్థరైటిస్ కొన్ని వారాలు ఉధృతమై, కొన్ని వారాలు నెమ్మదిస్తుంది. నొప్పి ఉధృతమైన ఉదయం వేళ్లు మడత పడక ఇబ్బంది పడుతున్న మనిషి ముందురోజు తిన్నదాన్ని గుర్తు చేసుకుంటుంది. వంకాయ తిని ఉంటే వంకాయ దోషి అవుతుంది, అదే వంకాయ తిని హాయిగా లేచిన ఇరవై ఉదయాలు మాత్రం లెక్కలోకి రావు. అలాగే ఉధృతి పరాకాష్ఠలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పథ్యం, ఉధృతి తనంతట తాను తగ్గినప్పుడు ఆ ఘనతను తన ఖాతాలో వేసుకుంటుంది. అందుకే వైద్య పరిశోధకులు ఏ ఆహారం విషయంలోనైనా, దాన్ని తిన్నవారినీ తిననివారినీ రెండు జట్లుగా చేసి ఒకే కాలంలో పోల్చి చూడందే ఒక మాట అనరు.

కారం ఇక్కడ మంచి ఉదాహరణ. గుంటూరు మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద, పేగుల్లో ఉన్న టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. నిజమైన వేడి తగిలినప్పుడు స్పందించే గ్రాహకమే అది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ నాడికి వేడి తగిలిందన్న సందేశం పంపుతుందే గానీ కణజాలాన్ని కాల్చదు. సీఆర్‌పీని పెంచుతుందనీ, కీలు పొరలో కణాలను రెచ్చగొడుతుందనీ చెప్పే ఆధారం లేదు. నొప్పి మందుల వల్ల కడుపులో పుండు పడినవారికి ఆవకాయ బాధ కలిగించే మాట నిజమే, కానీ ఆ బాధ కడుపుది, కీళ్లది కాదు.

నిషేధాల జాబితాలోని పదార్థాలను ఒక్కొక్కటే పరిశీలిస్తే చాలావరకు ఆధారం నిలవదు. వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరప ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి, వాటిలో సొలనిన్ వంటి చేదు ఆల్కలాయిడ్లు స్వల్పంగా ఉంటాయి. ఆ స్వల్ప మోతాదు కీళ్లవాతాన్ని పెంచుతుందని మనుషుల మీద జరిగిన ఏ గట్టి పరీక్షా చూపలేదు. గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంది కాబట్టి మూత్రపిండంలో రాళ్లున్నవారు జాగ్రత్త పడాలి, అంతవరకే. పప్పు మీద పడిన నిందకు మూలం మాత్రం వేరే జబ్బు. గౌట్ అనే కీళ్లజబ్బులో రక్తంలో మితిమీరిన యూరిక్ ఆమ్లం సూదుల వంటి స్ఫటికాలై కీలులో దిగుతుంది, ఆ యూరిక్ ఆమ్లం ప్యూరిన్లు అనే పదార్థాల నుంచి పుడుతుంది, పప్పుల్లో ప్యూరిన్లు ఉన్నాయి. ఈ మూడు వాక్యాలూ నిజమే అయినా వాటిని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అంటగట్టడం ఒక పొరపాటు, గౌట్‌కే అయినా పప్పును దోషిగా నిలబెట్టడం రెండో పొరపాటు. అమెరికాలో 47,000 మందికి పైగా పురుషులను 12 ఏళ్లు పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, సముద్రాహారం ఎక్కువగా తిన్నవారికి గౌట్ ఎక్కువ రాగా, ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పులు తిన్నవారికి ఆ ముప్పు పెరగలేదు. పాల పదార్థాలు తీసుకున్నవారికి తక్కువే వచ్చింది. విజయవాడ వన్ టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్లో తెల్లవారుజామున దిగే కూరగాయల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులందరికీ వర్తించే నిషిద్ధ వస్తువు ఒక్కటీ లేదు. ఎవరికైనా ఫలానాది పడడం లేదన్న అనుమానం గట్టిగా ఉంటే, దాన్ని ఒక్కదాన్నే మూడు నాలుగు వారాలు మాని, మళ్లీ తిని, తేడా రాసి చూసుకోవచ్చు. తేడా కనిపించకపోతే దాన్ని తిరిగి కంచంలోకి తెచ్చుకోవాలి. ఈ రెండో సగం సాధారణంగా జరగదు, తీసేసింది తీసేసినట్టే ఉండిపోతుంది.

తీసేయడం వల్ల పోయేదేమిటో ఇప్పుడు చూడాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో టీఎన్ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్లు కండరాల్లోని మాంసకృత్తులను కరిగిస్తాయి. బరువు తూచితే మార్పు లేకపోయినా కండ తగ్గి కొవ్వు పెరిగి ఉంటుంది. నొప్పి వల్ల కదలిక తగ్గడంతో ఈ క్షయం మరింత వేగిరపడుతుంది. ఇలాంటి శరీరానికి రోజూ తగినంత మాంసకృత్తులు అందాలి, శాకాహార కుటుంబంలో వాటికి ఆధారం పప్పు, పెరుగు, మినుములే. వరి కోతకు కొద్ది రోజుల ముందే మాగాణిలో మినుములు చల్లి, కోసిన చేలో మిగిలిన తేమతోనే రెండో పంట తీయడం డెల్టా రైతు నేర్పు. ఆ మినుములను బియ్యంతో కలిపి పులియబెట్టిన ఇడ్లీలో, బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది. వాతమని మినుములు మానేసినవారు ఉప్మాకో బ్రెడ్డుకో మళ్లినప్పుడు జరిగే మార్పు లాభం కాదు.

ఇనుము సంగతి మరింత చిక్కుతో కూడినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది, కీళ్లవాతం ఎక్కువగా వచ్చేదీ స్త్రీలకే. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని ప్రేరేపించి హెప్సిడిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. పేగు గోడలోంచి, నిల్వ కణాల్లోంచి ఇనుము రక్తంలోకి వచ్చే ద్వారాన్ని ఆ హార్మోన్ మూసేస్తుంది. సూక్ష్మజీవులకు ఇనుము అందకుండా దాచే ప్రాచీన రక్షణ ఇది, కానీ ఏళ్ల తరబడి సాగే జబ్బులో మనిషికే ఇనుము అందకుండా పోతుంది. కాబట్టి ఈ రోగిలో రక్తహీనత రెండు రకాలుగా ఉండవచ్చు: తిండిలో ఇనుము చాలకపోవడం ఒకటి, ఉన్న ఇనుము తలుపు వెనక చిక్కుకుపోవడం రెండోది, తరచుగా రెండూ కలిసి. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు హెచ్చుగా కనిపించి మోసం చేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను మందుతో అదుపు చేస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక లోపలికి రావడానికి ఆకుకూరలు, పప్పులు, మాంసాహారులైతే చేప, మాంసం కంచంలో ఉండాలి, వాటితో పాటు నిమ్మరసమో ఉసిరో ఉండాలి, భోజనం వెంటనే టీ తాగకూడదు.

పెరుగు మానేయడం వల్ల జరిగేది ఎముకల నష్టం. ఉధృతిని ఆపడానికి వైద్యులు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, అది పేగుల్లో కాల్షియం పీల్చుకోవడాన్ని తగ్గించి, ఎముక నిర్మాణాన్ని మందగింపజేస్తుంది. జబ్బు స్వయంగా కీళ్ల దగ్గరి ఎముకను పలుచబరుస్తూనే ఉంటుంది. ఇదే సమయంలో పాలు, పెరుగు వాతమని మానిపించడం కంటే అకాలమైన పథ్యం మరొకటి ఉండదు. పాలు పడనివారికి రాగులు, నువ్వులు, ముల్లుతో సహా తినగలిగే చిన్న చేపలు ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల మేరే ఉంటుంది.

తెల్లబియ్యం ప్రస్తావన వచ్చింది కాబట్టి డెల్టా చరిత్రలోకి కొద్దిగా వెళ్లక తప్పదు. 1832-33 కరువులో గుంటూరు సీమ జనం లెక్కకు మిక్కిలిగా చనిపోయిన తర్వాత, ఇంద్రకీలాద్రి పాదాన కృష్ణ మీద 1852లో మొదలై 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని నుంచి సాగిన బందరు, ఏలూరు వంటి కాలువలు ఈ ప్రాంతాన్ని అన్నపు గిన్నెగా మార్చాయి. ఆ ఆనకట్ట స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. నీళ్లు పారిన చోటల్లా జొన్న, రాగి, కొర్ర, వరిగ వెనక్కు తగ్గి వరి నిలిచింది, మరమిల్లులు వచ్చాక ఆ వరి తవుడు పోయి తెల్లబడింది. ఆకలిని పారదోలిన ఘనత ఈ కాలువలది, దాన్ని తక్కువ చేయడం తప్పు. అయితే 1920లలో కూనూరు ప్రయోగశాలలో రాబర్ట్ మెక్‌కారిసన్ దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూసినప్పుడు, గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలతో కూడిన సిక్కుల భోజనం తిన్నవి బాగా ఎదగగా, పాలు, పప్పు తక్కువగా ఉన్న మద్రాసు బియ్యపు భోజనం తిన్నవి వెనకబడ్డాయి; ఆ కాలంలో ఈ డెల్టా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతటి శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదు; 2000 కేలరీలు తినే మనిషికి అది వండని ధాన్యం లెక్కన సుమారు 250 గ్రాములు, దానికి తోడు కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం దోసె, రాత్రి మళ్లీ అన్నం తినే ఇంట్లో ఆ 250 గ్రాములు మధ్యాహ్నానికే దాటిపోతాయి.

బియ్యం పరిమాణానికీ ఇన్‌ఫ్లమేషన్‌కూ మధ్య వంతెన పొట్ట దగ్గరి కొవ్వు. 1993లో హొతమిష్లిగిల్, స్పీగల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వు కణజాలంలో టీఎన్ఎఫ్ తయారవుతోందని చూపేదాకా కొవ్వును నిల్వ సరుకుగా మాత్రమే చూసేవారు. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, పొట్ట లోపలి అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వులోకి రోగనిరోధక కణాలు చేరి, కీళ్లవాతంలో చెడు చేసే అవే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6లను అక్కడినుంచి కూడా విడుదల చేస్తాయి. స్థూలకాయం ఉన్న రోగుల్లో అవే మందులతో జబ్బు పూర్తిగా అణగే అవకాశం తక్కువగా ఉండడం పలు దేశాల అధ్యయనాల్లో కనిపించింది. మన దేశస్థుల్లో ఒక అదనపు ఇబ్బంది ఉంది: చేతులు, కాళ్లు సన్నగా ఉండి, బరువు మామూలుగానే తూగి, పొట్టలో మాత్రం కొవ్వు ఉండడం సాధారణం. అందువల్ల తూకం కంటే టేపు మంచి సాక్షి. నడుము చుట్టుకొలత స్త్రీలలో 80, పురుషులలో 90 సెంటీమీటర్లు దాటితే దక్షిణాసియా వారికి అది హెచ్చుగా లెక్క. ఇక బియ్యం రకానికి వస్తే, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి బదులు, హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆ వంగడాన్నే మెరుగుపరిచి 2008లో విడుదల చేసిన రకం వండితే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, దాని గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర ఉంది. అది మేలే, కానీ రెండు గరిటెల అన్నం తగ్గించి ఆ చోట పప్పు, వేపుడు కాని కూర పెట్టడం వల్ల కలిగే మేలు దానికంటే పెద్దది.

మొత్తం భోజన విధానాన్ని మార్చి చూసిన పరీక్షలు ఏం చెప్పాయో ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. 2003లో స్వీడన్‌లో 51 మంది కీళ్లవాత రోగులలో ఒక జట్టుకు కూరలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేప, ఆలివ్ నూనెతో కూడిన మధ్యధరా భోజనాన్ని మూడు నెలలు పెట్టినప్పుడు, మామూలు భోజనం తిన్న జట్టుతో పోలిస్తే జబ్బు ఉధృతి కొలత కొంత తగ్గింది. అదే దేశంలో 2020లో ప్రచురితమైన మరో పరీక్షలో ఇలాంటి భోజనానికీ మామూలు భోజనానికీ మధ్య ప్రధాన విశ్లేషణలో స్పష్టమైన తేడా తేలలేదు. ఇలాంటి చిన్న, మిశ్రమ ఫలితాలను తూచి చూసిన అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2022లో మధ్యధరా తరహా భోజనాన్ని మాత్రం మందులతో పాటు, షరతులతో సిఫారసు చేసి, మిగిలిన ప్రత్యేక పథ్యాలనూ ఆహార మాత్రలనూ సిఫారసు చేయకుండా వదిలింది. ఆ భోజనంలో ముఖ్యమైనవి ఆలివ్ నూనెను మినహాయిస్తే అన్నీ డెల్టాలో దొరికేవే: పప్పు, ఆకుకూర, వేరుశనగ, నువ్వులు, చేప. దిగుమతి నూనె కొనలేని ఇల్లు ఏమీ కోల్పోవడం లేదు. పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెల్లో ఉండే లినోలియిక్ ఆమ్లం ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుందన్న ప్రచారం మనుషులపై పరీక్షల్లో రుజువు కాలేదు. పరిమాణం హద్దులో ఉండడం, బజ్జీల బాణలిలో కాగి కాగి నల్లబడిన నూనె మళ్లీ మళ్లీ వాడకపోవడం ముఖ్యం.

చేప విషయంలో కొంత నిలిచి లెక్క వేయడం అవసరం. చేప నూనెలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వుల నుంచి శరీరం తయారుచేసుకునే పదార్థాలు ఇన్‌ఫ్లమేషన్‌ను ముగించే సంకేతాలుగా పనిచేస్తాయి. రోజుకు సుమారు 3 గ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్న రోగుల్లో ఉదయపు బిగువు, నొప్పి మందుల అవసరం తగ్గడం పరీక్షల్లో కనిపించింది. మచిలీపట్నం గిలకలదిండి హార్బరులో దిగే కవ్వలు, కానాగంతలు వంటి నూనె గల సముద్రపు చేపల్లో వంద గ్రాములకు ఒకటి రెండు గ్రాముల దాకా ఈ కొవ్వులు ఉండగా, కైకలూరు, కొల్లేరు చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతిలో అంతకంటే బాగా తక్కువ ఉంటాయి. విజయవాడలో ఖరీదైన చెరువు చేపకు ఉన్న మర్యాద చవకైన కవ్వలకు లేదు, ఆరోగ్యం దృష్ట్యా ఆ మర్యాద తలకిందులుగా ఉంది. అయినా వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకున్నంత మాత్రాన పరీక్షల్లో వాడిన మోతాదు అందదు. పులుసు వల్ల గుండెకు, కండకు మేలు కలుగుతుంది, కీళ్ల నొప్పి మీద ప్రభావం కోరేవారు మాత్రల గురించి వైద్యుణ్ని అడగాలి.

పసుపు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. తెనాలి దగ్గరి దుగ్గిరాల యార్డులో అమ్మే పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ల మేర ఉంటుంది. కూరలో వేసే ఒక చెంచా, అంటే 3 గ్రాముల పసుపులో, 90 మిల్లీగ్రాములు. పరీక్షల్లో వాడేది 500 మిల్లీగ్రాముల నుంచి ఒకటి రెండు గ్రాముల కుర్కుమిన్. పైగా అది పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కుర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్‌ను ఇస్తే మనుషుల్లో ఆ చేరిక 20 రెట్లు పెరిగిందని చూపారు. అప్పటి నుంచి ఆ రెండూ కలిపిన మాత్రలు విపరీతంగా అమ్ముడవుతున్నాయి. కూరలో పసుపు, మిరియం నిశ్చింతగా వాడవచ్చు. మాత్రల సంగతి వేరు: అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో ఇలాంటి పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, వాటిలో చాలామంది ఒక ప్రత్యేక జన్యురూపం ఉన్నవారు. కీళ్లవాత రోగి వాడే ప్రధాన ఔషధం కూడా కాలేయం మీద భారం వేసేదే కాబట్టి, వైద్యుడికి చెప్పకుండా ఈ మాత్రలు మింగడం ప్రమాదకరం.

ఆహారమే చికిత్స అయిన ఇన్‌ఫ్లమేషన్ జబ్బులు లేకపోలేదు. పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బులో పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి ద్రవ పోషకాహారం మాత్రమే ఇస్తే స్టెరాయిడ్‌తో సమానంగా ఉధృతి తగ్గుతుంది. గోధుమలోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బుకు గోధుమ మానడమే మందు. అయితే 2016లో ప్రచురితమైన అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా కనిపించిన ఈ జబ్బు దక్షిణాన వెయ్యికి ఒకరిలో మాత్రమే కనిపించింది కాబట్టి, బియ్యం తినే డెల్టాలో ఎవరికి పడితే వారికి గ్లూటెన్ మాన్పించడంలో అర్థం లేదు. క్రోన్స్ జబ్బులో పేగు ఇరుకైనవారు మునగకాయ పిప్పి, పీచు ముదిరిన ఆకుకూర తినకూడదు. మిగతావారికి అదే పీచు పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై, అవి తయారుచేసే బ్యూటిరేట్ అనే ఆమ్లం రోగనిరోధక వ్యవస్థను శాంతపరిచే కణాలను పెంచుతుంది. జబ్బు పేరు తెలియకుండా పథ్యం చెప్పడం ఎంత అనుచితమో ఈ ఒక్క పీచు విషయమే చూపుతుంది.

ఆకుకూరల గురించి మాట్లాడేటప్పుడు భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవడం న్యాయం. ఆయన సోదరుణ్ని బలిగొని, ఆయననూ మంచాన పడేసిన స్ప్రూ అనే జబ్బులో పేగు పోషకాలను పీల్చుకోలేక మనిషి శుష్కించిపోతాడు. ఆ జబ్బులో మేలు చేసే ఫోలిక్ ఆమ్లాన్ని, అంటే ఆకుకూరల్లో ఉండే ఒక బి విటమిన్‌ను, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందమే 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ విటమిన్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా వారే రూపొందించగా, వాటితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కు తగ్గించాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఆ కుటుంబపు మందు ఒకటి కీళ్లవాతంలో పనిచేస్తుందని 1951లోనే గుర్తించినా, మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతంలో అమెరికా అనుమతి 1988లో వచ్చింది, నేడు ప్రపంచమంతటా రుమటాయిడ్ ఆర్థరైటిస్ చికిత్స సాధారణంగా దానితోనే మొదలవుతుంది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు. తన పని డెల్టా ఇళ్లలో చేతులు బిగుసుకుపోయిన స్త్రీలకు మళ్లీ ముద్ద కలుపుకునే శక్తి ఇస్తుందని ఆయన చూడలేదు.

మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లానికి విరోధి కాబట్టి ఆకుకూరలు మానాలని కొందరు చెబుతారు, అది తప్పు. కీళ్లవాతంలో వాడే చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ప్రధానంగా అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి ఇన్‌ఫ్లమేషన్‌ను అణుస్తుందని భావిస్తున్నారు. నోటి పూత, వికారం, కాలేయ ఎంజైముల పెరుగుదల వంటి దుష్ఫలితాలు ఫోలిక్ ఆమ్లం కొరత వల్ల వస్తాయి, అందుకే వైద్యులే ఫోలిక్ ఆమ్లం మాత్రలు రాస్తారు, వాటివల్ల మందు ప్రయోజనం పోదు. తోటకూర, పాలకూర, గోంగూర అలాంటప్పుడు శత్రువులెలా అవుతాయి? మద్యం మాత్రం నిజంగా మానవలసినది. ఇంకొకటి తిండికి సంబంధించకపోయినా ఇక్కడ చెప్పకుండా వదలలేనిది: మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు.

చివరిగా ఉపవాసం. 1991లో నార్వేలో 53 మంది రోగులతో జరిగిన పరీక్షలో ఒక జట్టు వారం పది రోజులు దాదాపు ఉపవాసం ఉండి ఆ తర్వాత ఏడాది పాటు శాకాహారం తిన్నప్పుడు, కీళ్ల వాపు, ఉదయపు బిగువు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ తగ్గాయి. ఉపవాసంలో ఉన్నప్పుడు ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందనీ, మామూలు భోజనానికి తిరిగి వస్తే అదీ తిరిగి వస్తుందనీ ఇతర పరిశీలనలూ చూపాయి. ట్యునీషియా వంటి దేశాల్లో రంజాన్ మాసం తర్వాత ఉధృతి తాత్కాలికంగా తగ్గినట్టు చిన్న అధ్యయనాలు ఉన్నాయి. వన్ టౌన్‌లో ఈ విషయానికి నిత్యజీవిత ప్రాధాన్యం ఉంది: ఇస్లాంపేట ఇళ్లలో నెల రోజుల రోజాలు, ఇంద్రకీలాద్రి కొండ మీది అమ్మవారి పేరిట 41 రోజుల భవానీ దీక్షలో ఒంటిపూట శాకాహారం, కార్తీక మాసపు ఉపవాసాలు ఒకే వీధుల్లో జరుగుతాయి. మందులు చక్కగా సాగుతున్న రోగి వీటిని పాటించడానికి సాధారణంగా అడ్డు లేదు, అయితే ఏర్పాటు ముందే చేసుకోవాలి. మెథోట్రెక్సేట్‌ను ఇఫ్తార్ తర్వాత రాత్రి వేసుకోవచ్చు, ప్రెడ్నిసొలోన్‌ను తెల్లవారకముందు తినే సహరీ వేళకు జరుపుకోవచ్చు. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారి శరీరం తన సొంత కార్టిసాల్ తయారీని తగ్గించుకుని ఉంటుంది కాబట్టి, దీక్ష పేరుతో ఆ మందును ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఖాళీ కడుపున వేసుకున్న నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, విజయవాడ మే నెల ఎండలో నీళ్లు తాగకుండా వేసుకుంటే మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒంటిపూట భోజనం చేసే దీక్షాపరులు ఆ ఒక్క పూటలోనే ముద్దపప్పు, పెరుగు, గుప్పెడు వేరుశనగలు, ఒక ఆకుకూర ఉండేలా చూసుకుని, దీక్ష మొదలయ్యే రెండు మూడు వారాల ముందే వైద్యుడితో మందుల వేళలు మాట్లాడుకోవాలి.